అడా బిడ్డ జాడ

పగబట్టాలంటే ఎదుటి మనిషి బతికే ఉండాలన్న నియమం ఏమీ లేదు. థార్న్‌డెన్‌లో థెల్మా ఆగ్డెన్ పగబట్టింది తను పుట్టక ముందే సమాధిలోకి చేరిన ఒకావిడ మీద. ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించినన్నాళ్ళూ ఆ పగకి తీరిక దొరికేది కాదు. కత్తెర పక్కన పెట్టి పార్లర్ మూసేశాక మాత్రం దాన్నే ఉద్యోగంగా పెట్టుకుంది.

ఆ పోయినావిడ పేరు అగస్టా ఎల్లర్‌షా. ఊళ్ళో నేతమిల్లు యజమాని భార్య. వారానికోసారి మిల్లులోకి వచ్చి, మగ్గాల మధ్య పావడా అంచులు ఎత్తిపట్టుకుని తిరుగుతూ, పనిపిల్లల నడతలు తనిఖీ చేసేది. థెల్మా అమ్మమ్మ అడా అక్కడే ఒక మగ్గం దగ్గర పనిచేసేది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన చలికాలంలో అడా నిండు చూలాలు. మొగుడు ఇంకా సైన్యం నుంచి తిరిగి రాలేదు. కాళ్ళు నీరుపట్టి నిలబడలేక, కూర్చోవడానికి ఒక ముక్కాలిపీట ఇప్పించమని అడిగింది. చేసిన నేరమల్లా అదే.

కూర్చోవాలనుకునేవాళ్ళు ఇంట్లో కూర్చోవాలంది అగస్టా. మొగుడు ఫ్రాన్సులో ఉంటే ఈ కడుపు ఎక్కడిదని పదిమంది ముందూ అడిగింది. మొగుడు సెలవు మీద వచ్చి వెళ్ళిన సంగతి ఊరంతా ఎరుగును. ఎరిగిన వాళ్ళంతా మగ్గాల వైపు చూస్తూ నిలబడ్డారు. మిల్లులో పని పోతే మిల్లువాళ్ళ ఇల్లూ పోతుంది. ఆ సాయంత్రమే అడా బట్టల మూట ఎత్తుకుని, మంచులో పడుతూ లేస్తూ ఊరి ఆ చివర అక్క ఇంటికి చేరింది. తెల్లారేసరికి బిడ్డ చచ్చి పుట్టాడు.

ఇలాంటి కథల్లో బిడ్డ తండ్రి మిల్లు యజమానే అయి ఉంటాడని మీరు అనుకుంటున్నారేమో. కాదు. తండ్రి అడా మొగుడే. అగస్టా ఆ పని చేసింది అసూయతోనో అనుమానంతోనో కాదు, చెయ్యగలదు కాబట్టి చేసింది. థెల్మాకి కడుపు మండేది సరిగ్గా అక్కడే.

చచ్చి పుట్టిన బిడ్డ ఆ రోజుల్లో ప్రభుత్వం లెక్కలో పుట్టనూ లేదు, పోనూ లేదు. అలాంటి బిడ్డల్ని నమోదు చేసే చట్టం ఇంకా కొన్నేళ్ళకి గానీ రాలేదు. జ్ఞానస్నానం జరగలేదు కాబట్టి ప్రార్థన చదివేవాళ్ళూ లేరు. మంత్రసాని అలాంటి బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి గోతులు తవ్వేవాడి చేతిలో పెట్టేది. అతను ఆ పూట ఎవరిని పాతిపెడుతుంటే వాళ్ళ పెట్టెలో కాళ్ళ దగ్గర సర్దేసేవాడు. ఎవరి పెట్టెలో పెట్టిందీ తల్లికి చెప్పరు. పెట్టె తాలూకు వాళ్ళకీ చెప్పరు. అడా మంచం దిగేసరికి బిడ్డా లేడు, బిడ్డని పట్టుకెళ్ళిన మంత్రసానీ లేదు. ఆ ఏడు ఊరిని ఊడ్చేసిన ఫ్లూ జ్వరం ఆవిడనీ తీసుకుపోయింది.

ఆ తర్వాత మొగుడు వచ్చాడు, కూతురు పుట్టింది, ఆ కూతురికి థెల్మా పుట్టింది. అయినా అడా మాత్రం ముసలితనం దాకా ప్రతి ఆదివారం చాపెల్ నుంచి వస్తూ శ్మశానంలో ఒక్కో రాయి దగ్గరా ఆగేది. పక్కనే చెయ్యి పట్టుకుని చిన్న థెల్మా ఉండేది.

"వీళ్ళలో ఎవరో ఒకళ్ళ దగ్గరున్నాడే మన పిల్లాడు. ఎవరి దగ్గరో తెలిస్తే ఒక్కసారి దణ్ణం పెట్టుకుని పోతాను," అనేది.

తెలియకుండానే పోయింది. అందుకని థెల్మాకి కావలసినవి రెండు. ఆ బిడ్డ ఎక్కడున్నాడో తెలియాలి. ఎల్లర్‌షాలు ఏడవాలి.

మొదటిదాని కోసం థెల్మా తిరగని చోటు లేదు. ఆ చలికాలం తాలూకు చాపెల్ ఖనన పుస్తకంలో పేజీలు లేవు, ఎప్పుడో వాగు పొంగి లోపలికి నీళ్ళొస్తే ముద్దయిపోయాయట. పుస్తకం లేకపోతే ఏం, ఊళ్ళో తలలున్నాయి కదా. పార్లర్‌కొచ్చిన ప్రతి ఆడమనిషి తలకీ రోలర్లు చుట్టి, కదలకుండా కూర్చోబెట్టి, మీ ముత్తాత ఎప్పుడు పోయాడు, మీ పెద్దమ్మమ్మని ఎక్కడ పెట్టారు అని ఆరా తీసేది. పాత పేపర్లలో చావు ప్రకటనలు వెతికింది. నాచు పట్టిన రాళ్ళని పళ్ళు తోముకునే బ్రష్‌తో తోమి తేదీలు చదివింది. ఆ వారంలో చాపెల్ వాళ్ళు పాతిపెట్టిన ప్రతి మనిషినీ దాదాపుగా పట్టుకుంది. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ ఏమీ తెలియదు.

"చచ్చినవాళ్ళ వెంట పడ్డంతగా నా వెంట పడి ఉంటే నేనీపాటికి బాగుపడేవాణ్ణి," అనేవాడు ఆవిడ మొగుడు నార్మన్, తన తోటలో పండిన ఉల్లికాడల్ని కడుక్కుంటూ.

"నిన్ను వెతకాల్సిన పనేముంది? ఎప్పుడూ కాళ్ళకడ్డం పడుతూనే ఉంటావుగా," అనేది థెల్మా.

చర్చి శ్మశానం వైపు మాత్రం ఆవిడ ఒక్కసారీ వెతకలేదు. ఎందుకు వెతుకుతుంది? అడా వాళ్ళు చాపెల్ మనుషులు, అంటే చర్చి నుంచి విడిపోయి వేరే ప్రార్థన మందిరం, వేరే శ్మశానం పెట్టుకున్న శాఖ వాళ్ళు. ఆ ఊళ్ళో చాపెల్ వాళ్ళు చాపెల్ కసాయి దగ్గర మాంసం కొనేవాళ్ళు, చర్చి వాళ్ళు చర్చి కసాయి దగ్గర కొనేవాళ్ళు. చర్చి వాళ్ళ పిల్లాడు చాపెల్ పిల్లని చేసుకుంటే రెండు వైపులా పెళ్ళికి ఎగ్గొట్టేవాళ్ళు. బతికి ఉండగా ఒక బల్ల మీద కూర్చోనివాళ్ళు చచ్చాక ఒక పెట్టెలో పడుకుంటారని ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికీ తోచదు. థెల్మాకీ తోచలేదు.

అగస్టా సమాధి ఉన్నది చర్చి శ్మశానంలోనే. రోడ్డు పక్కనే, పాలరాతి దేవదూతతో సహా, ఊరంత ఎత్తున నిలబడి ఉండేది. ఆ రాతి మీద తేదీ థెల్మాకి కంఠతా వచ్చు. అమ్మమ్మని గెంటేసిన వారమే అగస్టా కూడా ఫ్లూతో పోయింది. బస్సు అటు వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి ఆ తేదీ చూసి, దేవుడు ఆ మాత్రం పనైనా చేశాడని తృప్తిపడేది.

రెండో కోరిక తీరే రోజు మొదటిదానికన్నా ముందే వచ్చింది. రోడ్డు వెడల్పు చెయ్యాలని, చర్చి శ్మశానంలో రోడ్డు వైపు వరస తీసెయ్యాలని కౌన్సిల్ నిర్ణయించింది. ఆ వరసలో వాళ్ళని ఊరి బయట కొత్త శ్మశానానికి తరలిస్తారు. అగస్టా ముని మనవడు పియర్స్ ఎల్లర్‌షా తమ సమాధిని మాత్రం కదపొద్దని, రోడ్డునే కాస్త పక్కకి తిప్పమని అర్జీ పెట్టుకున్నాడు. మిల్లు ఎప్పుడో పోయింది, బంగళా అమ్ముకున్నారు. పియర్స్ ఆ ఊళ్ళోనే పళ్ళ డాక్టరు. థెల్మా పంటి నొప్పితో చచ్చిపోతున్నా పక్క ఊరి బస్సెక్కేదే గానీ అతని గుమ్మం తొక్కేది కాదు.

ఆ అర్జీ సంగతి విన్న పూటే థెల్మా వీధిలోకి దిగింది. ఇంటింటికీ తిరిగింది, మార్కెట్లో బల్ల వేసుకుని కూర్చుంది.

"రోడ్డు కూడా వంగి వాళ్ళకి సలాం కొట్టాలంట! మన తాతముత్తాతలు వంగింది చాలలేదా?" అని కనబడిన ప్రతివాళ్ళనీ అడిగి సంతకాలు పెట్టించింది. ముక్కాలిపీట కథ పేపర్లో వేయించింది. రెండు వారాల్లో ఊరంతా ఆ కథే. ఎవరో పోకిరీలు పియర్స్ క్లినిక్ తలుపు ముందు విరిగిన పీట ఒకటి పెట్టి పోయారు. థెల్మా పెట్టించలేదు గానీ, విని కడుపునిండా నవ్వింది.

కౌన్సిల్ పియర్స్ అర్జీని కొట్టేసింది. పేపరువాళ్ళు థెల్మాని సమాధి ముందు నిలబెట్టి, బొటనవేలు పైకెత్తించి ఫోటో తీశారు. దాని కిందే పియర్స్ మాట కూడా వేశారు. ఎముకలు తీయగానే కాల్చేసి బూడిద విట్‌బీ దగ్గర సముద్రంలో కలిపేస్తాననీ, ఈ ఊళ్ళో తమవాళ్ళ ఆనవాలు కూడా మిగలనివ్వననీ అన్నాడు.

థెల్మా ఆ మాట మొగుడికి రెండుసార్లు చదివి వినిపించింది. అల్లం కేకు చేసి వీధిలో పంచింది. ఇన్నేళ్ళకి అగస్టా ఎల్లర్‌షాని ఇంట్లోంచి గెంటేశానని అద్దంలో చూసుకుని అనుకుంది కూడా.

ఆ వారమే ఊరి చివర వృద్ధాశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. ఎల్సీ థ్వైట్ అనే ఆవిడ చూడాలంటోందట. ఎల్సీ తండ్రి ఈనాక్ ఆ రోజుల్లో చర్చి శ్మశానంలో గోతులు తవ్వేవాడు. థెల్మా ఆవిడతో జన్మలో మాట్లాడలేదు.

ఎల్సీ కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్ళో పేపరు పెట్టుకుని కూర్చుని ఉంది. తొంభై దాటిన మనిషి. చూపు మాత్రం సూదిమొనలా ఉంది.

"ఈ ఫోటోలో బొటనవేలు చూపిస్తున్నది నువ్వేనా పిల్లా? లావుగా పడ్డావు."

"వాడు అలా తీశాడు."

"కెమెరా తప్పంటావు. సరేలే, కూర్చో. అడా మనవరాలివి కదూ? ఆ గడ్డం చూస్తేనే తెలుస్తోంది. అగస్టమ్మని కాల్చేస్తారంట, నిజమేనా?"

"వచ్చే గురువారం. పీడా పోతుంది."

"కాల్చనివ్వకు."

థెల్మాకి ఒళ్ళు మండింది. "ఆవిడ మీద నీకేంటమ్మా అంత జాలి?"

"ఆవిడ మీద నాకేం జాలి! అందులో ఆవిడ ఒక్కతే లేదు."

ఎల్సీ తొందరపడకుండా, టీ చప్పరిస్తూ చెప్పుకొచ్చింది. ఆ వారం చాపెల్‌లో గోతులు తవ్వేవాడు జ్వరంతో మంచం మీదున్నాడు. మంత్రసాని ఆ మంచులో బిడ్డని గుడ్డలో చుట్టుకుని ఎక్కడికి పోవాలో తోచక చర్చికి వచ్చి ఈనాక్‌ని పిలిచింది.

"ఎవరి బిడ్డో చెప్పింది. మా నాన్నకి ఆ పీట గొడవంతా తెలుసు. ఊళ్ళో ఎవరికి తెలీదు గనక? చర్చిలో అప్పుడు నాలుగు పెట్టెలున్నాయంట, జ్వరం రోజులాయె. నాన్న ఏరి ఏరి అగస్టమ్మ పెట్టె మూత తీశాడు. కాళ్ళ దగ్గర పెట్టలేదు పిల్లా. ఆవిడ చేతులు రెండూ విడదీసి, ఆ చేతుల్లో పెట్టాడు. 'మోసేదాన్ని కూర్చోనివ్వలేదు కదమ్మా, ఇంక నువ్వు మొయ్యి. దేవుడు లేపేదాకా మొయ్యి,' అని మూత బిగించేశాడు."

థెల్మా నవ్వింది. ఆశ్రమంలో మిగతా ముసలివాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. మూడు తరాలుగా తమ ఇంట్లో పళ్ళు కొరుకుతూ దాచుకున్న కసిని ముక్కూమొహం తెలియని ఒక చర్చి మనిషి అప్పుడే, ఆ వారమే తీర్చేశాడు. ఇంతకన్నా మంచి పగ తనకే తట్టేది కాదు. ఆ నవ్వు మధ్యలోనే గురువారం గుర్తొచ్చింది. అగస్టాని గెంటించింది తను. కాల్చేస్తాననేదాకా ఆ మనిషిని తెచ్చింది తను. ఇప్పుడు ఆవిడతో పాటు కాలేది అమ్మమ్మ కొడుకు. థెల్మా చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది చివరికి. "మా అమ్మమ్మ ఒక్కో రాయి దగ్గరా ఆగి ఏడ్చేది. నువ్వు చూసే ఉంటావు."

"చూశాను. మేమున్నది ఎల్లర్‌షాల ఇల్లు. నాన్న నోరిప్పితే మేమూ ఆ మంచులోకే. పోయేముందు నాకు చెప్పి పోయాడు. ఆ తర్వాత నేను చెప్పాల్సింది, కాదనను. నువ్వు ఊళ్ళో ప్రతి తలనీ దువ్వి దువ్వి అడిగావంట కదా. గోతులు తవ్వినవాడి ఇంటి తలుపు ఒక్కసారి తట్టావా? చర్చి వాళ్ళమని మా వైపు చూశావా?"

థెల్మా కళ్ళు తుడుచుకుని లేచింది. ఇన్నాళ్ళూ కాగితం లేనిదే ఎవరి మాటా నమ్మకూడదని అందరికీ నీతులు చెప్పిన మనిషి, ఈ మాటని మాత్రం కాగితం లేకుండానే నమ్మింది. నమ్మక చేసేదేముంది, ఆ బిడ్డకి కాగితమే లేదు.

పియర్స్ ఎల్లర్‌షాని కలవడానికి అపాయింట్‌మెంట్ తప్ప దారి లేదు. ఇంటికి ఫోన్ చేస్తే పెట్టేశాడు. ఎవరో రాలేకపోయిన ఖాళీలో థెల్మాని రమ్మంది రిసెప్షన్ అమ్మాయి. లోపలికి వెళ్ళగానే అతను పేరు చూసి, మొహం చూసి, కుర్చీ చూపించాడు. థెల్మా కూర్చుంది. అతను ఏదో నొక్కాడు. కుర్చీ వెనక్కి వాలి, ఆవిడ కాళ్ళు పైకి లేచి, మొహం మీద దీపం పడింది.

"నోరు తెరవండి."

"నాకు పంటి నొప్పి లేదు."

"నాకు తెలుసు. ఊరంతా మా మీద తెరిచిన నోరు లోపల ఎలా ఉంటుందో చూద్దామని."

మాస్కు పైన అతని కళ్ళు నవ్వడం లేదు. థెల్మా అలా వెల్లకిలా పడి ఉండే, దీపం కళ్ళలో పొడుస్తుండగానే, ఎల్సీ చెప్పింది చెప్పుకొచ్చింది. జీవితంలో ఎప్పుడూ ఇంత అవమానం పడలేదు. పళ్ళ బిగువున చివరిదాకా చెప్పింది.

అతను దీపం పక్కకి తిప్పాడు. "అంటే మీ పిల్లాడు ఇన్నేళ్ళుగా మా పెట్టెలో ఉన్నాడు. మమ్మల్ని అడక్కుండా."

"అవును. మీవాళ్ళు ఒకసారి గెంటారుగా. మీరు రెండోసారి గెంటండి."

పియర్స్ గ్లవ్స్ తీసేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మా అమ్మ పోయేదాకా ప్రతి ఈస్టర్‌కీ అక్కడ పూలు పెట్టేది. మా ముత్తవ్వ మంచిదని నేనననండి. మంచిది కాదనే విన్నాను. మీరు మా గుమ్మం ముందు పీట పెట్టిన రోజు నా కూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. అది ఎవరిని గెంటింది?"

"పీట నేను పెట్టలేదు."

"నవ్వలేదా?"

థెల్మా అబద్ధం చెప్పలేకపోయింది. "నవ్వాను."

"వేలకి వేలు సంతకాలు పోగేశారు. ఇప్పుడు నా ఒక్క సంతకం కావాలి."

"కావాలి," అంది థెల్మా. "దయచేసి."

అతను కిటికీ దగ్గర నుంచి తిరిగి వచ్చాడు. తన షరతులు చెప్పాడు. కాల్చడు, కొత్త శ్మశానంలో పాతిపెడతాడు. పెట్టె మాత్రం తెరవనివ్వడు, ఎవరో ముసలావిడ మాట పట్టుకుని తమ మనిషి ఎముకలు కెలకనివ్వడు. రాయి మీద ఎల్లర్‌షాల పేర్లు తప్ప ఇంకే పేరూ ఉండదు. ఇంకొకటి, ఖననం రోజు థెల్మా నల్లబట్టలు కట్టుకుని అందరిలోనూ ముందు నిలబడాలి. ఇంటిమనిషిలా అందరికన్నా ముందు మట్టి వెయ్యాలి. పేపరువాళ్ళు వస్తారు.

"ఒప్పుకోకపోతే?"

"గురువారం. విట్‌బీ."

కుర్చీ పైకి లేచింది. థెల్మా ఒప్పుకుంది.

ఖననం రోజు ఉదయం సన్నగా వాన పడుతోంది. కొత్త శ్మశానంలో ఎల్లర్‌షాలు గుప్పెడుమంది, కౌన్సిల్ మనిషి, పేపరు కెమెరా, గొడుగు పట్టుకుని నార్మన్. పాత పెట్టెని ఉన్నదున్నట్టుగా కొత్త పెట్టెలో పెట్టి తెచ్చారు. కిందికి దింపారు. ఫాదర్ గారు చదవాల్సింది చదివారు.

"మిసెస్ ఆగ్డెన్," అన్నాడు పియర్స్, అందరికీ వినబడేలా. "మొదట మీరు."

థెల్మా వంగి మట్టి తీసుకుంది. తడిసిన బరువైన గడ్డ చేతికి వచ్చింది. వస్తూ వస్తూ బస్సులో అంతా సిద్ధం చేసుకుంది. మట్టి వెయ్యమన్నాడు గానీ ఎలా వెయ్యాలో చెప్పలేదు. మూత దడేలుమనేలా విసిరికొట్టాలి, ఇది అడా ఇస్తోందని గట్టిగా అనాలి, కెమెరా అది తియ్యాలి. పిడికిలి భుజం దాకా ఎత్తింది. నార్మన్‌కి ఆ ఎత్తడం తెలుసు, పళ్ళేలు పగలగొట్టేముందు ఎత్తే ఎత్తు అది. గొడుగు కింద కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే థెల్మా తడి గడ్డిలో మోకాళ్ళ మీద ఉంది. గోతిలోకి చెయ్యి అందినంత మేరా కిందికి చాచి, గడ్డని వేళ్ళతో చిదిపి, కొద్దికొద్దిగా, నిద్రపోయేవాళ్ళని లేపకూడదన్నంత నెమ్మదిగా రాలుస్తోంది. కెమెరా దాన్నే తీసింది. పియర్స్ ఎల్లర్‌షా తను గెలిచాననుకున్నాడు. అనుకోనివ్వండి.

నార్మన్ ఆవిడని లేవదీసి, మోకాళ్ళ మట్టి దులిపి, గొడుగు కిందికి లాక్కున్నాడు.

"ఏమే, తిడతావనుకున్నాను. పగ తీరిపోయిందా?"

"ఎక్కడ తీరింది!" అంది థెల్మా, ముక్కు చీదుకుంటూ. "ఆ అగస్టా మొహం తలుచుకుంటే ఇప్పటికీ వాయించెయ్యాలనే ఉంది. చేతుల్లో పిల్లాడున్నాడు కదయ్యా, ఎలా కొట్టను?"